నిండు బిందె ఎదురు

సాలూరులో లారీ ఇంజనుతో నడుస్తుందని అనుకునేవాళ్లు ఆ ఊరు ఎరగనివాళ్లు. లారీ ఎదురుతో నడుస్తుంది. బండి గేటు దాటే వేళకి ఎవరు ఎదురొస్తున్నారన్నది అక్కడ డీజిలు కన్నా ముఖ్యం. నిండు బిందెతో ముత్తయిదువ వస్తే కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కేసినట్టే. కట్టెల మోపు కనబడితే బండి ఆపి, డ్రైవరు దిగి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కాలి. బొట్టు లేని ఆడది కనబడితే ఇక చెప్పనక్కర్లేదు. ఈ శాస్త్రం పుట్టించిన మహానుభావుడు ఎవడో గానీ, వాడికి తల్లి ఉండి ఉండదు.

గంగులు ఇంట్లో ఈ పిచ్చి మరీ ముదిరింది. ఎడ్లబండి తోలుకునే రోజుల నుంచి లారీ ఓనరు అయ్యేదాకా తనను నడిపించింది మంచి ఎదుర్లేనని ఆయన నమ్మకం. ఆ ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఏటా ఫాల్గుణంలో లారీకి కొత్త రంగులు వేయిస్తారు. రంగులేసిన బండిని ఖాళీగా కదపకూడదని మొదటి లోడుగా ఇంటిల్లిపాదినీ, చుట్టాలనీ, స్నేహితులనీ ఎక్కిస్తారు. ఘాటు మొదట్లో ఉన్న అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, అక్కణ్నుంచి పైకి ఏటి ఒడ్డుకు పోయి, పొద్దు వాలేదాకా తిరిగి, తిని, ఆడి వస్తారు. మోదుగులు పూసే కాలం, ఇప్పపువ్వు రాలే కాలం. పిల్లలకు ఏడాది మొత్తంలో అంతకు మించిన పండగ లేదు.

ఈ ఏడాది ఆ రోజు పొద్దున గంగులు పెద్ద కోడలు ఝాన్సీ పొయ్యి దగ్గర ఉంది. లారీడు జనానికి పులిహోర. చింతపండు పులుసు దింపి, ఆవపిండి నూరి పెట్టి, ఆరబోసిన అన్నం మీద పోపు గుమ్మరిస్తోంది. వాకిట్లో లారీ పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ముందు అద్దానికి బంతిపూల దండ, నిమ్మకాయలు, మిరపకాయలు. కేబిన్ నుదుటి మీద ఎర్రటి అక్షరాలతో 'శ్రావణి' అని పేరు. అది ఝాన్సీ కూతురి పేరే. తొమ్మిదేళ్ల ఆ శ్రావణి కొత్త గౌను వేసుకుని, అమ్మ ఫోను పట్టుకుని, బండికి ఫొటోలు తీసి తీసి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, బండి కదుపుతారట. నువ్వు దొడ్డిలోకి ఎల్లిపో."

ఝాన్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎందుకే?"

"నువ్వు ఎదురొస్తే బండికి మంచిది కాదు గదా," అంది ఆ పిల్ల. ఎండగా ఉంది చెప్పులేసుకో అన్నంత మామూలుగా అంది. అని, అమ్మ కలుపుతున్న వేడి పులిహోర ఇంత తీసి నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

అత్త అంటే ఝాన్సీ ఓర్చుకుంది. మావ అంటే ఓర్చుకుంది. వీధిలో అమ్మలక్కలు తను ఎదురుపడితే మొహం తిప్పుకుంటే, వాళ్ల మొహాలకదే చాలనుకుంది. కానీ ఈ మాట కడుపున పుట్టిన పిల్ల నోట్లోంచి వచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవాళ బండి ముందు నుంచి పొమ్మన్న పిల్ల రేపు పెళ్లిపీటల ముందు నుంచి పొమ్మంటుంది. ఎల్లుండి తన బిడ్డను ఎత్తుకోవద్దంటుంది. అందులో దాని తప్పేమీ ఉండదు. అన్నంతో పాటు ఈ మాట కూడా కలిపి పెట్టారు దానికి ఈ ఇంట్లో. అది దాని ఒంటికి పట్టకముందే కక్కించాలి. ఎలా అన్నదే ఝాన్సీకి తోచలేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా? ఝాన్సీ ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఇదే గంగులు ఆమెను నెత్తిన పెట్టుకున్నాడు. ఆమె ఎదురొచ్చిన మొదటి ట్రిప్పుకే ఘాటు అవతల కోరాపుట్‌లో తిరుగు లోడు దొరికిందట. అంతే, ఆనాటి నుంచి బండి ఎప్పుడు కదిలినా ఝాన్సీ ఉండాల్సిందే. జ్వరంతో పడుకున్నా లేపి, మొహం కడుక్కోమని, బొట్టు పెట్టించి, నిండు బిందె చంకకెత్తి గేటు బయట నిలబెట్టేవాడు. వీధిలో మిగతా లారీల వాళ్లు కూడా "మీ కోడల్ని ఓపాలి పంపు గంగులు మావా" అని వచ్చేవారు. నిండు చూలాలుగా ఉన్నప్పుడు కూడా ఆ బిందె మోసింది. ఆమె మొగుడు ఉమాశంకర్ స్టీరింగు ముందు కూర్చుని పళ్లికిలించేవాడు. "నీ మొకం సూసే ఘాటు ఎక్కీస్తన్నాది ఈ బండి. డీజిలు దండగ!" అనేవాడు.

మూడేళ్ల కిందట ఓ పొద్దున ఉమాశంకర్ బండెక్కి మళ్లీ దిగాడు. "నాన్నా, బ్రేకు సరిగ్గా పట్టడం నేదు. షెడ్డుకి తీసుకెల్లి సూపించి రేపు ఎల్తాను," అన్నాడు. గంగులు గేటు వైపు చూశాడు. ఝాన్సీ తలలో పూలతో, కాసంత బొట్టుతో, పొర్లిపోతున్న బిందెతో నిలబడి ఉంది. "ఎదురు సూడరా ఎంత బాగున్నాదో! వర్జ్యం ముంచుకొస్తన్నాది. బ్రేకు సంగతి వచ్చినాక సూద్దుం. కదుపు," అన్నాడు. తండ్రి మాట జవదాటని కొడుకు కదిపాడు. ఆ సాయంత్రం లోడుతో ఘాటు దిగుతుంటే, మలుపులో ఆగాల్సిన చోట బండి ఆగలేదు.

ఆ బ్రేకు మాట మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. విన్నవాళ్లలో ఉమాశంకర్ పోయాడు, గంగులు నోరు మూసుకున్నాడు, మిగిలింది ఝాన్సీ. కొడుకును పోగొట్టుకున్న ముసలాయన, ఆ మాట అంటే గుండె పగిలి చస్తాడని ఊరుకుంది. అది ఆమె మంచితనం. ఆ మంచితనానికి వాళ్లిచ్చిన బహుమానం ఏమిటంటే, ఊరుకున్న కొద్దీ నింద జరిగి జరిగి ఆమె మీదకే వచ్చి కూర్చుంది. పడిన బండిని బాగు చేయించి, కొత్త బాడీ కట్టించి వాకిట్లోకి తెచ్చుకున్నారు. ఝాన్సీని మాత్రం దొడ్డితోవకు మార్చారు. ఫాల్గుణంలో ఇంటిల్లిపాదీ వాకిట్లో లారీ ఎక్కుతారు. ఆమె వెనక సందులోంచి నడిచి, బైపాసు మీద పెట్రోలు బంకు దగ్గర నిలబడాలి. బండి అక్కడ ఆగి, వెనక తలుపు దింపి ఎక్కించుకుంటుంది. "బంకు కాడ ఎక్కుదువు గాని" అన్న మాట ఆ ఇంట్లో ఎంత మర్యాదగా అంటారో వింటే, మీరు కూడా అది ఆవిడ సౌకర్యం కోసమే అనుకుంటారు.

ఆ పొద్దున కూడా గంగులు వంటింటి గుమ్మం బయట నిలబడి కేకేశాడు. "ఒలే ఝాన్సీ, ఇంకా అవనేదేటే? వర్జ్యం వచ్చీస్తన్నాది, బండి కదపాల. నువ్వు కలిపీసి, కొండబాబు ఆటోలో ఎట్టుకుని బంకు కాడికి వచ్చీ. ఆడ ఎక్కుదువు గాని."

"అలాగే మావా," అంది ఝాన్సీ. అలవాటైపోయిన నోరు మరి.

కిటికీ సందులోంచి చూసింది. తోడికోడలు పద్మకుమారి పట్టుచీర కట్టుకుని నిండు బిందెతో గేటు బయట నిలబడింది. ఆమె మొగుడు దేవేంద్రే ఇప్పుడు ఆ లారీ తోలేది. అత్త మరిడమ్మ హారతిచ్చింది. స్పీకరులో పాట మోగింది, పిల్లలు ఓ అని అరిచారు, హారను కొట్టుకుంటూ బండి బయటికి పోయింది. ఝాన్సీ పులిహోరలో ఉప్పు సరిచూసింది. సరిపోయింది. చేతికి మాత్రం దోషం లేదు కదా.

కొండబాబు ఉమాశంకర్‌తో కలిసి చదువుకున్నవాడు, ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఇత్తడి గంగాళం ఎత్తి ఆటోలో పెట్టి, ఝాన్సీని బంకు దగ్గర దింపాడు. "బండి వచ్చినదాకా ఇక్కడే ఉంటాను వదినా," అని ఎదురు బడ్డీలో టీ తాగడానికి పోయాడు.

ఝాన్సీ గంగాళం పక్కన నిలబడింది. వచ్చే లారీ, పోయే లారీ. ఘాటు ఎక్కేవి, ఘాటు దిగినవి. దుమ్మంతా వచ్చి మూత మీద పడుతోంటే కొంగు కప్పింది. ఎండ ఎక్కింది. కొంగు కాలింది, గంగాళం కాలింది, తమ లారీ మాత్రం రాలేదు. బంకులో కుర్చీలో కూర్చున్న ముసలాయన రెండుసార్లు తొంగి చూసి, "ఎవుల కోసమమ్మా?" అని అడిగాడు. ఫోను శ్రావణి దగ్గర ఉండిపోయింది. ఆయన ఫోను అడిగి తీసుకుని తన నంబరుకే చేసింది. ఏమైనా అయిందేమోనని ఆమెకు అప్పటికే భయం పట్టుకుంది. ఆ దారి మీద ఆలస్యం అంటే ఆమెకు ఒకటే అర్థం.

"అమ్మా!" అంది శ్రావణి, వెనక పాట హోరులోంచి. "మేం గుడి కాడికి వచ్చీసినాం!"

"గుడి కాడికా? బంకు కాడికి రానేదేటే?"

"సందు మలుపులో కట్టెల మోపు ఎదురొచ్చినాదమ్మా. ఆగితే వర్జ్యం వచ్చీస్తాదని తాత బండి వంతెన రోడ్డంట తీసుకొచ్చీసినాడు."

"మరి నాను?"

అవతల కాసేపు గుసగుస. ఎవరో మాట అందిస్తున్నారు. "నడిసిన బండి మల్లీ ఎనక్కి తిప్పకూడదట. నువ్వు ఆటోలో వచ్చీమన్నాడు తాత. అమ్మోరికి నైవేద్దెం ఎట్టాలట, పులిహోర జాగర్తట." తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించింది. అమ్మ మీద ప్రేమతోనే తగ్గించింది. "అమ్మా, నువ్వు ఎనక నుంచి రా, ఏం? బండి ముందుకి మాత్రం రాకు. తాత కోప్పడతాడు."

ఝాన్సీ ఫోను తిరిగి ఇచ్చేసింది. మర్చిపోయారేమో అనుకుంది ఇంతసేపూ. మర్చిపోయినా బాగుండేది. మనిషన్నాక మర్చిపోతాడు. వీళ్లకు గుర్తుంది. గుర్తుండి, లెక్కలేసుకుని, కట్టెల మోపుకు భయపడి, బండి తిప్పితే అశుభమని ఎంచి, మనిషిని ఎండలో వదిలేసి, పులిహోర జాగ్రత్త అని కబురు పెట్టారు. మొహం పనికిరాదు, పులిహోర పనికొస్తుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఆ లారీలో ఉన్న చుట్టాలూ స్నేహితులూ ఒక్కడంటే ఒక్కడు "పాపం, ఆవిడ అక్కడ ఉంది కదా" అనలేదు.

కొండబాబు పరుగున వచ్చాడు. ఆమె మొహం చూసి సంగతి గ్రహించాడు. "ఇంటికి దింపీమంటావా వదినా?"

"ఇంటికెందుకు? నానేటి దొంగతనం సేసినానా? ఘాటుకి పోనీ."

ఆటో ఊరు దాటింది. రెండు పక్కలా జీడిమామిడి తోటలు పూత మీద ఉన్నాయి. దూరంగా కొండల మీద మోదుగులు పూసి, ఎవరో అక్కడక్కడ నిప్పు పెట్టినట్టు ఉన్నాయి. ఇదే దారిలో ఉమాశంకర్ ఆమెను కేబిన్లో పక్కన కూర్చోబెట్టుకునేవాడు. గుడి దగ్గర పూజ అయ్యాక అందరూ బండెక్కితే, వాళ్లిద్దరూ మాత్రం ఏటిదాకా నడిచి వచ్చేవారు. దేవేంద్ర చేతికి స్టీరింగిచ్చి, "మీరు పదండి, మేం నడిసొస్తాం" అనేవాడు. ఇప్పపువ్వు ఏరి ఆమె దోసిట్లో పోసేవాడు. మూడేళ్లుగా ఆమె ఆ దారి నడవలేదు. వెనక బల్ల మీద గిన్నెల మధ్య కూర్చుని వెళ్లింది, గిన్నెలు కడుక్కుని వచ్చింది. ఈ కొండలకేం, ఏటా సిగ్గు లేకుండా పూస్తాయి. వాటి మీద కూడా కోపం వచ్చింది ఆమెకు.

"కల్వర్టు కాడ ఆపు," అంది.

కొండబాబు ఆపాడు. ఆమె గంగాళం మూత తీసింది. రెండు అడ్డాకులు పరిచి, ఒకదాంట్లో కొండబాబుకు, ఇంకోదాంట్లో తనకు పెట్టుకుంది. కొండబాబు నోరు తెరిచాడు.

"నైవేద్దెం ఎట్టకుండా తింటన్నావేటి వదినా?"

"అమ్మోరు కూడా ఆడదేరా. ఆకలేస్తే తినమంటాది."

తింది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి, తను వండింది అందరికంటే ముందు తను తినడం అదే మొదలు. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లొచ్చాయి. అవి ఆవ వల్లనే వచ్చాయి. ఏడ్చే స్థితిలో ఆమె లేదు, కొట్టే స్థితిలో ఉంది. తిని, చెయ్యి కడుక్కుని, పైట బిగించి ఆటో ఎక్కింది.

గుడి ముందు లారీ పూజ అయిపోయి, కొండవైపు మొహం పెట్టి నిలబడి ఉంది. జనం అంతా బండి వెనక ఎక్కేసి ఉన్నారు. పిల్లలు ఆకలికి నకనకలాడుతున్నారు. కేబిన్లో దేవేంద్ర, అతని పక్కన గంగులు. ముందు రోడ్డు మీద పద్మకుమారి అదే బిందెతో, మళ్లీ ఎదురు రావడానికి తయారుగా నిలబడింది. కొబ్బరికాయతో అమ్మవారిని సరిపెట్టినట్టున్నారు. ఆటో చూడగానే గంగులు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఒరే కొండబాబూ, ఆటో ఎనకే ఆపు! గంగాళం ఎనక నుంచి అందించీండి. బండి కదిలినాక ఆవిడ్ని తీసుకొచ్చీ!"

ఆవిడ. పేరు కూడా పోయింది.

ఝాన్సీ దిగింది. గంగాళం వైపు చూడలేదు. లారీ పక్కనుంచి, రంగులేసిన బాడీని చేత్తో రాసుకుంటూ, ముందుకు నడిచింది. వెనక నుంచి మరిడమ్మ అరిచింది. "ఓలమ్మ, ఎక్కడికే! అటేపు ఎల్లకే!" శ్రావణి బండి అంచు పట్టుకుని వంగి, "అమ్మా, వద్దమ్మా!" అని కేకేసింది. ఆ పిల్ల గొంతులో నిజమైన భయం ఉంది. అమ్మ ఎక్కడ తిట్లు తింటుందోనన్న భయమొకటి, అమ్మ వల్ల బండికేమవుతుందోనన్న భయమొకటి. ఆ రెండో భయం వినబడ్డాక ఝాన్సీని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

వెళ్లి, పద్మకుమారిని చెయ్యి పట్టి పక్కకు జరిపి, ఇంజను ముందు నిలబడింది. బండి నుదుటి మీద కూతురి పేరు, కింద అద్దంలో మావ మొహం.

"కదుపు దేవేంద్రా," అంది. "నాను ఎదురొచ్చినాను. కదుపు."

గంగులు దిగి వచ్చాడు. ముసలితనంలో కూడా మెరుపులా దిగాడు. "ఏటే ఇది! పిచ్చెక్కినాదా? పిల్లా మేకా ఉన్నారు బండిలో! మొగుణ్ని మింగినావు, ఇంకా ఎవుల్ని మింగుతావు?"

ఆ మాట ఇంతకు ముందు చాటున అనేవాళ్లు. ఇవాళ లారీడు జనం ముందు అన్నాడు. అదీ మంచిదే అయింది. లారీడు జనం ముందు అన్నవాడికి లారీడు జనం ముందే జవాబు చెప్పొచ్చు.

"నానా మింగినాను?" అంది ఝాన్సీ. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "ఆ రోజు ఎదురొచ్చినదెవరు మావా? సెప్పు. బొట్టెట్టుకుని, పువ్వులెట్టుకుని, నిండు బిందెట్టుకుని ఎదురొచ్చినదెవరు? నాను కాదా? ముత్తయిదువునే గదా ఆ రోజు? నీ శాత్రంలో అంత కన్నా మంచెదురు ఉన్నాదా? మరి బండి ఎందుకు పడిపోనాది?"

గంగులు చూపు బండి చక్రాల మీదకు జారింది. 

"నాను సెప్తాను. బ్రేకు పట్టక పడిపోనాది. బ్రేకు పట్టడం నేదు నాన్నా, షెడ్డుకి ఎల్తానని నీ కొడుకు బండి దిగినాడు. నువ్వు నా మొకం సూపించి మల్లీ ఎక్కించినావు. ఎదురు బాగున్నాది, కదుపు అన్నావు. నీ సెవులతో ఇన్నావు, నా సెవులతో ఇన్నాను. ముసలోడివి, గుండాగిపోతాదని మూడేల్లు నోరు మూసుకున్నాను. నా కూతురు నన్ను సూసి దొడ్డిలోకి పొమ్మన్నాది ఇయ్యాల. ఇంక మూసుకోను."

స్పీకరులో పాట ఎవరు ఆపారో ఆగిపోయింది. మరిడమ్మ బండి అంచు పట్టుకుని మొగుడి వైపు చూస్తోంది. ఆమెకు ఈ మాట తెలియదు. మూడేళ్లు కోడల్ని తిట్టిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. "నిజమేనా?" అని ఒక్క మాట అడిగింది. గంగులు తల ఎత్తలేదు. అంతకన్నా జవాబు ఏం కావాలి?

ఝాన్సీ పద్మకుమారి వైపు తిరిగింది. "ఒసే పద్మా, ఇపుడు ఈ బండి తోల్తన్నది నీ మొగుడు. నీ బిందె సూసి కదుపుతన్నారు. బ్రేకు సూసినారో నేదో అడిగినావా ఎప్పుడైనా?"

పద్మకుమారి మొగుడి వైపు చూసింది. దేవేంద్ర స్టీరింగు వైపు చూశాడు. ఆ చూపు తిప్పుకోవడం ఆమెకు అర్థమైంది. కాపురం చేస్తున్న మనిషి మరి.

"ఏమయ్యా?" అంది. "సెప్పవేటి?"

"షెడ్డోడు బ్రేకు లైనింగులు మార్చాలన్నాడు," అన్నాడు దేవేంద్ర నెమ్మదిగా. "ముహూర్తం దాటిపోతాది, యాత్ర అయినాక సూద్దుమన్నాడు నాన్న."

రంగులకు వారం రోజులు షెడ్డులో పెట్టారు బండిని. అద్దానికి దండ, నుదుటికి పసుపు, చక్రాల కింద నిమ్మకాయలు. అన్నిటికీ తీరిక దొరికింది. బ్రేకుకు దొరకలేదు. వెనక బండి నిండా పిల్లలు.

పద్మకుమారి ఆ బిందెను అక్కడికక్కడే వంచేసింది. నీళ్లు రోడ్డు మీద పారి లారీ చక్రాల కిందకు పోయాయి. "దిగు," అంది మొగుడితో. "దిగి తాళం ఇలగియ్యి. ఝాన్సీ అప్ప సెప్పినట్టు బ్రేకు బాగైతే గానీ ఈ బండి కదలదు. కదిపితే నాను కూడా అడ్డంగా నిలబడతాను."

దేవేంద్ర ఇంజను ఆపి దిగాడు. తండ్రి మొహం చూడకుండా, సీటు కింద నుంచి పానాలు తీసుకుని, కొత్త తెల్లచొక్కాతోనే బండి కిందకు దూరాడు. గంగులు వెళ్లి గుడి మెట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బండి కింద నుంచి కనబడుతున్న చిన్నకొడుకు కాళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు. ఝాన్సీకి ఆయన మీద జాలి రావలసిన వేళ అది. రాలేదు. వస్తే రేపు వస్తుంది, ఇవాళ కోపానికే చోటు చాలడం లేదు.

"పిల్లల్ని దింపండి," అంది జనంతో. "ఏరు ఇక్కడికి ఎంతో దూరం నేదు. నడుద్దుం. గంగాళం కొండబాబు ఆటోలో వస్తాది. మీకు తినాలని ఉంటే తినండి. నా సెయ్యి, నా మొకం ఒక్క మనిషివే. ఒకటి పనికొచ్చి ఒకటి పనికిరాకుండా ఉండదు."

 ఒక్కొక్కరే దిగారు. ఆకలి మీద ఉన్న జనం శాస్త్రం మాట్లాడరు.

శ్రావణి దిగి, తల్లికి కాస్త దూరంలో నిలబడింది. దగ్గరకు రావాలని ఉంది, భయంగా ఉంది. ఝాన్సీ వెళ్లి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.  ఇద్దరూ ముందు, వెనక జనం. ఘాటు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టారు. రోడ్డు పక్క మోదుగు పూలు రాలి ఉన్నాయి. ఎక్కడో లోయలోంచి ఇప్పపువ్వు వాసన గుప్పున కొట్టింది.

మొదటి మలుపు దగ్గరకు వచ్చేసరికి పై నుంచి లారీ చప్పుడు వినబడింది. లోడు బండి. ఒడిశా నుంచి దిగుతోంది, బరువుకు మూలుగుతూ. శ్రావణి చెయ్యి బిగిసింది. తల్లిని రోడ్డు దిగువకు, పొద చాటుకు లాగింది.

"అమ్మా, లారీ వస్తన్నాది. పక్కకి రా. సూసీస్తాడు."

ఝాన్సీ రోడ్డు అంచున, బండికి దారి వదిలి నిలబడింది. చాటుకు మాత్రం పోలేదు. తల దించలేదు. కూతుర్ని ముందుకు తెచ్చి, తన పక్కనే నిలబెట్టుకుంది.

"సూడనీ," అంది.

మలుపు తిరిగి లారీ మొహం ఎదురుగా వచ్చింది. డ్రైవరు వాళ్లను చూశాడు. బొట్టు లేని నుదుటిని కూడా చూశాడు. చూసి, పిల్ల రోడ్డు మీద ఉందని హారను కొట్టి, బ్రేకు తొక్కి, మలుపు నెమ్మదిగా తిప్పుకుని కిందకు పోయాడు. వేడిగాలి వాళ్ల మొహాలకు కొట్టి పోయింది. ఝాన్సీ నడవబోయింది. శ్రావణి కదల్లేదు. వెనక్కి తిరిగి, ఆ లారీనే చూస్తూ నిలబడింది. అది ఇంకో మలుపు తిరిగింది. గుడి దాటింది. చదును రోడ్డు మీద పడి, చిన్నదై, జీడిమామిడి తోటల వైపు పోతూ ఉంది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి అది కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత తల్లి మొహంలోకి చూసింది.

"దిగిపోనాదమ్మా," అంది ఆశ్చర్యంగా. "ఏటీ అవనేదు."

"ఏటీ అవదే," అంది ఝాన్సీ. "పద, నడు."